ఆపుకున్న తుమ్ము

మనిషి ముక్కు లోపల ఎలా ఉంటుందో నాకు తెలిసినంత బాగా నా వంటింటి అలమర లోపల ఎలా ఉంటుందో తెలియదు. ఇరవై ఏళ్లకు పైగా కువైట్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుగా ఉన్నాను. అందులో సగానికి పైగా ముక్కు దారిన పుర్రె అడుగుకు వెళ్లి చేసే ఆపరేషన్లలోనే గడిచింది. ఆ గది చల్లగా, మసగ్గా ఉంటుంది. తెర బాగా కనపడాలని దీపాలు తగ్గించేస్తారు. తెర మీద గులాబీ రంగు గోడలు తడితడిగా మెరుస్తుంటాయి. ఒక మలుపు, ఇంకో మలుపు, పైకి ఒక సందు, ఆ సందు వెనక చిన్న గది. లోపలికి వెళ్తున్నకొద్దీ డాక్టర్ల మాటలు తగ్గిపోతాయి. నాకైతే కళ్లు తెరిచి ఉండగానే కల కంటున్నట్టుంటుంది.

ఆ కల చెదరకుండా చూడటం నా పని. ఎండోస్కోప్ అంటే పెన్సిలు కన్నా సన్నటి కడ్డీ. దాని కొసన చిన్న అద్దం ఉంటుంది. ఆ అద్దానికి నెత్తురు చుక్క అంటితే తెరంతా ఎర్రబడుతుంది, ఆవిరి పడితే తెల్లబడుతుంది. అప్పుడు కడ్డీ బయటికి తీసి నా చేతికిస్తారు. గోరువెచ్చని సెలైన్‌లో ముంచి, మెత్తటి గుడ్డతో తుడిచి తిరిగిస్తాను. మళ్లీ గులాబీ గోడలు. ఒక్కో ఆపరేషన్‌లో ఇలా ఎన్నిసార్లో లెక్కుండదు. ఆలస్యమైతే ముక్కు డాక్టరు విసుక్కుంటాడు, ఆయన విసుక్కుంటే నేనూ విసుక్కుంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు, నేను కాదనను.

నేను వచ్చిన కొత్తలో ఇదంతా లేదు. మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ లేస్తే, చిన్నదైతే పై పెదవి ఎత్తి, పంటి చిగురు మీద కోసి, మైక్రోస్కోపు పెట్టి తీసేవారు. పెద్దదైతే పుర్రె తెరిచేవారు. మెలకువ వచ్చాక మొహం వాచి, పళ్లు తిమ్మిరెక్కి, ఇంట్లోవాళ్లే గుర్తుపట్టలేనట్టు ఉండేవారు పేషెంట్లు. తర్వాత ఈ కడ్డీ వచ్చింది. ముక్కు డాక్టరు, మెదడు డాక్టరు పక్కపక్కన నిలబడి, ఒకరు చూపిస్తుంటే ఇంకొకరు పని చేయడం నేర్చుకున్నారు. రెండు ముక్కుపుటాలు, నాలుగు చేతులు. మొదట్లో ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలి కసురుకునేవారు కూడా.

దారి దొరికింది గాని, పని అయ్యాక దాన్ని మూయడం ఏళ్ల తరబడి ఎవరికీ సరిగా కుదరలేదు. మెదడు చుట్టూ నీరుంటుంది. అడుగున కంత పడితే ఆ నీరు ముక్కులోకి కారుతుంది. కొవ్వు ముక్క పెట్టేవారు, తొడ మీది పొర పెట్టేవారు, జిగురు పోసేవారు. కొందరికి నిలిచేది, కొందరికి కారేది, మళ్లీ థియేటరుకు తెచ్చేవాళ్లం. చివరికి కుదిరిన పద్ధతి ఏమిటంటే, ముక్కు మధ్య గోడ మీది పొరను దాని నెత్తుటి నరం తెగకుండా లేపి, వెనక్కి తిప్పి, కంత మీద పరవడం. నెత్తురు ఆడుతూ ఉంటుంది కాబట్టి ఆ అతుకు అక్కడే అంటుకుని పెరుగుతుంది. అది మొదటిసారి చూసిన రోజు ఇంటికెళ్లి అన్నం తింటూ మా ఆయనకు వర్ణించి వర్ణించి చెప్పాను. ఆయన చేపల పులుసు పక్కకు జరిపి, "తినేటప్పుడు ముక్కుల సంగతులు ఎందుకే తల్లీ" అన్నాడు.

ఒక చలికాలంలో ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. అన్నమయ్య జిల్లా మనిషి. కువైట్‌లోనే సల్వా అనే పేటలో ఒకే ఇంట్లో పదిహేనేళ్లుగా వంట చేస్తోంది. ట్రే పట్టుకుని వస్తూ తలుపు చెక్కకు కొట్టుకునేదట, గ్లాసులు పడిపోయేవట. ఈవిడ 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు మొదట తిట్టింది. ఒకరోజు ఈవిడ నేరుగా అద్దాల తలుపు అంచుకే గుద్దుకుని కింద పడితే, భయపడి కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడినుంచి మా దగ్గరికి పంపారు. తెలుగు మనిషి కావాలని ఆవిడ అడిగితే నన్ను పిలిచారు.

"నేరుగా చూస్తే బియ్యంలో రాయి గూడా కనపడతాదక్కా," అంది. "పక్కన నిలబడిన మనిషే కనపడడు."

ఒక డబ్బాలోకి చూస్తూ, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష ఒకటుంది. ఆవిడ చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, "మిషను ఆగిపోయిందేమో చూడక్కా" అంది. మిషను ఆగలేదు. రెండు వైపులా చుక్కలు వస్తూనే ఉన్నాయి.

పిట్యూటరీ గడ్డ కింది నుంచి పెరిగి కంటి నరాలను నొక్కుతోందని, ప్రమాదకరమైన జాతి కాదు గాని వదిలేస్తే చూపు మొత్తం పోతుందని డాక్టరు చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ ఏడవలేదు. ఒళ్లో పెట్టుకున్న చేతులు చూసుకుంది.

"కండ్లు పోతే ఖలాస్ అక్కా. మామా మంచిదే. అయినా గుడ్డిదాన్ని పెట్టుకోని ఏం చేస్తాది? ఇఖామా కాగితం క్యాన్సిల్ చేసి దేశానికి పంపిస్తాది. ఊర్లో నాకెవరుండారని. నాకు చూపు ఉంటే చాలు, ఇంగేం వద్దు."

ముక్కులోంచి చేస్తారని చెబితే నమ్మలేదు. "ముక్కులో నుంచి తలకాయలోకి దావ ఉండాదా?" అంది.

"ఉంది. నేను రోజూ చూస్తాను."

"నువ్వు చూసినావంటే ఉన్నట్టే లే," అని కాగితం మీద వేలిముద్ర వేసింది.

ఆపరేషన్ తర్వాత రెండు వారాలు పూర్తిగా విశ్రాంతి కావాలి. ఇంట్లో ఉంటే వద్దన్నా పొయ్యి దగ్గరికి పోతుందని మామానే చెప్పింది. ఆ నెల మా ఆయన సెలవు మీద ఊరెళ్లాడు, జాబ్రియాలో మా ఫ్లాట్ ఖాళీగానే ఉంది. నా దగ్గర ఉంచుకుంటానని అనేశాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఇంటికి చుట్టాలొస్తేనే మూడో రోజుకు చిటపటలాడే మనిషిని నేను.

ఆపరేషన్ రోజున ఆవిడ మొహమంతా పచ్చ గుడ్డ కప్పితే ముక్కు ఒక్కటే మిగిలింది. పొద్దున దాకా నాతో మాట్లాడిన మనిషి లోపలికి ఎండోస్కోప్ వెళ్లింది. అందరి గోడల్లాంటివే ఆవిడ గోడలూ, కాకపోతే ఆ రోజు నాకు అవి తెలిసినవాళ్ల ఇంటి గోడల్లా అనిపించాయి. చివరి గది వెనక ఎముక కోడిగుడ్డు పెంకంత పల్చగా ఉంది. రెండు పక్కలా పెద్ద నెత్తుటి నరాలు కొట్టుకుంటున్నాయి. పెంకు తీస్తే బూడిద రంగు గడ్డ, మెత్తగా, మీగడలాగా వచ్చేసింది. కొంచెం కొంచెంగా తీస్తూ పోయారు. అప్పుడు పైనుంచి ఒక పల్చటి పొర, అంతకాలం గడ్డ ఎత్తిపెట్టిన పొర, నిదానంగా కిందికి దిగింది. దిగి, ఆవిడ గుండెతో పాటు ఆడటం మొదలుపెట్టింది. నాలుగు చేతులూ ఆగిపోయాయి. ఆ పొర దిగిందంటే కంటి నరాల మీద బరువు పోయినట్టే. నేను వందల్లో చూశాను, అయినా ఆ రోజు నా కళ్లు తడిశాయి.

పొర ఒకచోట కాస్త చిరిగి నీరు ఊరింది. ముక్కు డాక్టరు ముందే లేపి ఉంచిన ముక్కు గోడ పొరను తెచ్చి నెమ్మదిగా పరిచాడు. బయట ఒక్క కుట్టు లేదు.

మెలకువ వచ్చాక ఆవిడ చాలాసేపు కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత తల తిప్పకుండానే, "అక్కా, నీ పక్కన ఇంగొక నర్సు ఉండాది గదా, పచ్చ టోపీ పెట్టుకోని," అంది. ఉంది. నేను ఆ నర్సును గట్టిగా పట్టుకున్నాను, ఆ పిల్లకేమీ అర్థం కాలేదు.

డిశ్చార్జి చేశాక మా ఫ్లాట్‌లో ఆవిడకు మూడు దిండ్లు వేశాను. నియమాలు పాఠంలా వల్లె వేయించాను. చీదకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు, ముక్కకూడదు. తుమ్మొస్తే ఆపుకోకూడదు, నోరు బార్లా తెరిచి తుమ్మాలి. మూసుకుంటే ఆ ఊపంతా పైకి తన్ని అతుకును లేపేస్తుంది. అన్నీ తిరిగి అప్పజెప్పింది.

ఆ రోజుల్లో పొద్దున్నే పొగమంచు కమ్మేది. ఎదుటి మేడలు ఎనిమిది తర్వాత గాని బయటపడేవి కావు. ఆవిడ శాలువా కప్పుకుని బాల్కనీలో కుర్చీ వేసుకుని నేరుగా ముందుకే చూస్తూ కూర్చునేది. నేను ఏమిటి చూస్తున్నావని అడిగితే, "ఏమీ చూడటంల్యా. పక్క నుంచి వస్తాండాయి అన్నీ," అనేది. మంచులోంచి పక్కగా ఒక పావురం వచ్చేది, స్కూలు బస్సు వచ్చేది, జమియా దుకాణం నుంచి రొట్టెలు పట్టుకుని ఎవరో వచ్చేవారు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా ఆవిడ మొహంలో చిన్న నవ్వు. నేను టీ పట్టుకుని వెనక నిలబడి చాలాసేపు ఆవిడను చూసేదాన్ని. ఆ వారం ఇల్లంతా కాస్త నేల వదిలి పైకి తేలినట్టుండేది. నేను కూడా ఎవరి మీదా కసరలేదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. నేను తుమ్ముకు ఆగే మనిషిని. కొట్టుకునే మెదడు పొరను తెర మీద రోజూ చూసే దాన్ని, అయినా గడప దాటుతుంటే ఒంటి తుమ్ము వినపడితే నా కాలు కదలదు. తుమ్ము తమ్ముడై చెబుతుందని మా అమ్మ అనేది. ఆగి, రెండో తుమ్ము వస్తుందేమోనని చూసి, రాకపోతే కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరడం నా ఒంట్లో ఉంది. చదువు దాన్ని కదిలించలేదు.

ఆవిడ మా ఇంటికి వచ్చిన ఐదో రోజు పొద్దున నేను సంచి భుజాన వేసుకుని, చెప్పుల్లో కాలు పెడుతుంటే వెనకనుంచి తుమ్ము. నేను నేర్పినట్టే, నోరు బార్లా తెరిచి తుమ్మింది. నిలబడిపోయాను. రెండోది రాలేదు. వెనక్కొచ్చి కూర్చుని నీళ్లు తాగాను. ఈలోపు హాస్పిటల్ వ్యాన్ వెళ్లిపోయింది. మంచులో టాక్సీ దొరకలేదు. థియేటరుకు చేరేసరికి పేషెంటును పడుకోబెట్టేశారు, ఇన్‌ఛార్జి అందరి ముందూ చెడామడా తిట్టింది. ఆ మంటంతా సాయంత్రం తెచ్చి ఈవిడ మీద పోశాను.

"ఏంటమ్మాయ్, నేను గడప దాటేటప్పుడే వస్తాయా నీకు తుమ్ములు? కాస్త ముందో వెనకో రాకూడదా?"

ఆవిడ నవ్వింది. "తుమ్మితే ఊడే ముక్కు గదక్కా నాది. దానికేం తెల్సు యాళాపాళా."

నేనూ నవ్వాను. అక్కడితో మరిచిపోయాను. ఆవిడ మరిచిపోలేదు.

మరో మూడు రోజులకు, సాయంత్రం నేను వచ్చేసరికి ఆవిడ బల్ల దగ్గర కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. వంగలేదు, తల మాత్రం దించింది. స్టీలు పళ్లెంలో ఒక చుక్క పడింది. టక్కున ఇంకోటి. నేను ముందు కొళాయి వైపు చూశాను. తర్వాత ఆవిడ ముక్కు వైపు చూశాను.

"జలుబక్కా. ఏసీ గాలికి," అని కొంగుతో ఒత్తుకుంది.

"ఎప్పటినుంచి?"

"నిన్న పొద్దున్నుంచి. చీదల్యా, ఒత్తుకుంటాండా, అంతే."

ఆ చుక్కలు నీళ్లలా ఉన్నాయి. జిగట లేదు. "గొంతులోకి ఏమైనా దిగుతోందా? ఉప్పగా ఉందా?" అని అడిగాను.

"ఉప్పగానే. కొంచెం తియ్యగా గూడా."

అది మెదడు చుట్టూ ఉండే నీరు. ఆ కంతలోంచి నీరు కిందికి వస్తోందంటే ముక్కులో ఉన్న మురికి పైకి పోవచ్చు. మెదడు పొరలకు అంటుకుంటే చూపు సంగతి దేవుడెరుగు, మనిషే దక్కదు.

"నిన్న పొద్దున తుమ్మావా? నోరు మూసుకుని తుమ్మావా?"

"లేదక్కా. తుమ్మల్యా. ఆపుకున్న్యా." రెండు వేళ్లతో ముక్కు ఎలా నొక్కి పట్టుకుందో చూపించింది. "తలకాయలో ఏందో టప్‌మనింది."

"ఎందుకు ఆపుకున్నావు? ఎన్నిసార్లు చెప్పాను?"

ఆవిడ నా వైపు చూసింది, అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు.

"నువ్వు బయల్దేరతాండావు గదక్కా. చెప్పుల్లో కాలు పెట్టినావు. ఒంటి తుమ్ము తుమ్మితే దావలో నీకేమన్నా అయితే?"

సంచి అక్కడే పడేసి ఆవిడను లేపి, తల నిలబెట్టి, టాక్సీ ఎక్కించాను. దారంతా ఆవిడ కొంగు ముక్కు కింద పట్టుకుని నిటారుగా కూర్చుంది. కిటికీ అవతల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆవిడ ముందుకే చూస్తూ, "పక్కన బో దీపాలుండాయే," అంది. నాకు ఏడుపొచ్చింది.

హాస్పిటల్లో మెదడు డాక్టరు వచ్చి చూశాడు. ఆవిడకు అరబ్బీ వస్తుంది, అయినా నేనుంటే నన్నే ఇంగ్లీషులో అడగడం ఆయనకు అలవాటు. ఏం చేసిందో అడుగు, ముక్కు చీదిందా, అన్నాడు. నేను ఆవిడ వైపు తిరిగాను. నా మొహంలో ఏం కనపడిందో.

"చీదినానని చెప్పక్కా," అంది మెల్లగా. "నీది ఉద్యోగం. నన్నైతే పనిమనిషే కదా, తెలీకుండా చేసింటాదని అనుకుంటారు."

చెప్పొచ్చు. 'లేదు డాక్టర్, తప్పు నాది, ఆవిడ తుమ్మినందుకు నేనే తిట్టాను' అని నాలుగు మాటలు. మూఢనమ్మకాలున్న నర్సని నవ్వుతారని, ఇంత సీనియర్‌వి నువ్వా ఇలా చేసేది అంటారని, రేపటినుంచి ఆ తెర ముందు నిలబడనివ్వరేమోనని, ఇవన్నీ ఒక్క క్షణంలో తిరిగాయి.

"అవును డాక్టర్, చీదిందట," అన్నాను.

ఆయన కంప్యూటర్‌లో రాసుకున్నాడు. తర్వాత అరబ్బీలో ఆవిడను బాగానే చీవాట్లు పెట్టాడు. మీరు చెప్పింది వినరు, మేం పడిన కష్టమంతా ఒక్క నిమిషంలో పాడుచేస్తారు అని. పదిహేనేళ్లు ఆ భాషలో వంట చేసిన మనిషి, ఒక్క మాట పోకుండా అర్థమైంది. తప్పు నాదే డాక్టర్, క్షమించండి అని చక్కటి అరబ్బీలో చెప్పింది.

మర్నాడు పొద్దున మళ్లీ ఆవిడ మొహం మీద పచ్చ గుడ్డ. నేనే నిలబడతానని అడిగి మరీ నిలబడ్డాను. అవే గోడలు, అవే మలుపులు. చివరి గదిలో అతుకు చాలావరకు గులాబీ రంగులో బతికే ఉంది. ఒక్క మూల మాత్రం గోరంత లేచింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడినుంచి నీరు మెరుస్తూ ఊరుతోంది. ముక్కు డాక్టరు నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరు కుర్ర డాక్టర్లను దగ్గరికి పిలిచి, పేషెంటు చీదితే ఎలా లేస్తుందో చూడండి అన్నాడు. వాళ్లు తలలూపారు. అద్దం శుభ్రంగానే ఉంది, అయినా నేను కడ్డీ అడిగి తీసుకుని మళ్లీ తుడిచాను. పొట్ట మీదినుంచి కొవ్వు ముక్క తీసి కంతలో పెట్టి, అతుకును సర్ది, పైన జిగురు పోశారు.

అతుకు మీద ఆ నీటి ఒత్తిడి పడకుండా నడుములో పెట్టిన సన్నటి గొట్టంతో ఆవిడ కొన్నాళ్లు కదలకుండా పడుకుంది. జ్వరం రాలేదు. చుక్క పడలేదు. నేను డ్యూటీ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లి ఆవిడ ముక్కు కింద తెల్ల కాగితం పెట్టి చూసేదాన్ని. నెల తర్వాత చుక్కల పరీక్ష చేశారు. రెండు వైపులా, వచ్చిన ప్రతి చుక్కకూ బటన్ నొక్కింది. సల్వాకు తిరిగి వెళ్లిపోయింది, ఇప్పటికీ అక్కడే వండుతోంది.

ఆ తర్వాత హాస్పిటల్లో తెలుగు పేషెంట్లకు జాగ్రత్తలన్నీ తెలుగులో రాసి ఇవ్వాలనుకున్నారు. వాళ్లు చీదకుండా ఉండాలంటే వాళ్ల భాషలోనే చెప్పాలి అని మెదడు డాక్టరు ఆ పని నాకే అప్పగించాడు. ఇంగ్లీషులో ఉన్నవన్నీ రాశాను. చివర్న ఇంగ్లీషులో లేని వాక్యం ఒకటి చేర్చాను: 'ఎవరు ఎక్కడికి బయల్దేరుతున్నా సరే, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మండి, వాళ్లకేమీ కాదు.' చదివినవాళ్లు నవ్వుతారు. కొందరు నవ్వరు, నా వైపు చూసి తల ఊపుతారు.

ఫైల్లో మాత్రం, చెప్పినా వినకుండా పేషెంటు ముక్కు చీదిందని నా మాట మీద రాసింది అలాగే ఉంది. ఆవిడ ఏడాదికోసారి చెకప్‌కు వస్తుంది. ప్రతిసారీ డాక్టరు ఆ పేజీ తెరిచి, ఈసారి బుద్ధిగా ఉన్నావా అని నవ్వుతూ అడుగుతాడు. ఆవిడ ఉన్నానంటుంది. ఇవాళ చెప్పేద్దామని నేను ప్రతిసారీ నోరు తెరుస్తాను. పక్కనుంచి అది కూడా ఆవిడకు కనపడుతుంది. నా చెయ్యి మీద చెయ్యి వేసి, "పోనీలే అక్కా," అంటుంది. నేను పోనిస్తాను.